మొగ మూసే తేదీ

ఏప్రిల్ 4

ఈ డైరీ ప్రభుత్వం వారిది. అట్ట మీద చేపల శాఖ ముద్ర, లోపల ఎర్ర రిబ్బను. ఈరోజు ఉమ్మడి కమిటీ మొదటి సమావేశంలో పన్నెండు మందికీ తలొకటి ఇచ్చి, "సమావేశం విషయాలు రాసుకోండి" అన్నారు. నా విషయాలు కూడా సమావేశం విషయాల్లోకే వస్తాయి కాబట్టి రాసుకుంటున్నాను.

ముందు రాయాల్సింది ముందు రాస్తాను. పడవల సంఘం ప్రెసిడెంటుగా నేను గదిలోకి వెళ్లగానే శాఖ ఆఫీసరమ్మ లేచి నిలబడ్డారు. "రండి ప్రెసిడెంటు గారూ" అన్నారు. పదకొండేళ్ల క్రితం ఇదే ఆఫీసు వరండాలో, జప్తు చేసిన వల కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాను. బెంచీ ఉంది, కూర్చోమన్నవాడు లేడు. ఈరోజు తిరిగే కుర్చీ ఇచ్చారు. ఒకసారి అటూ ఇటూ తిరిగి చూశాను. ఎవరూ గమనించలేదు.

కమిటీలో ఆరుగురు శాఖవాళ్లు, ఆరుగురం పడవలవాళ్లం. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర చారల చేప గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపాలి. ఇన్నాళ్లూ ఆ తేదీ వాళ్లే వేసేవారు. జూన్ 1 నుంచి నలభై ఐదు రోజులు. వాళ్లు నోటీసు అంటించి వెళ్లేవారు, మేము నోటీసు మీదే వలలు ఆరేసేవాళ్లం. చేప మాత్రం ఏటికేడు తగ్గుతోంది. ఇక నుంచి తేదీ ఇద్దరం కలిసి వేయాలి. మే 5 లోగా అటు నలుగురు, ఇటు నలుగురు చేతులెత్తి ఒప్పుకోవాలి. లేదంటే మూడేళ్లపాటు మళ్లీ వాళ్ల ఇష్టమే.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. "లేచి నిలబడిన సంగతి మూడోసారి చెబుతున్నావురా" అంది అమ్మ. మా ఆవిడ ఒక్కటే అడిగింది: "ఏ తేదీ అడుగుతున్నారు?"

"అది పడవలవాళ్లం మాట్లాడుకుంటాం" అన్నాను.

ఏప్రిల్ 7

జూన్ 20 అని తేల్చాం. తేల్చింది మైకు. మైకు అనేది పేరు కాదు, గొంతు. ఒడ్డున నిలబడి పిలిస్తే నడిసముద్రంలో పడవ వెనక్కి తిరుగుతుంది. నాకు వరసకి బావ, నాలుగు పడవల ఆసామి.

"మే నెలంతా, జూన్‌లో సగం దాకా కదరా చేప మొగ దగ్గర గుంపు కట్టేది! అప్పుడు వేట ఆపి గట్టున ఈగలు తోలుకుందామా? జూన్ 20 అని గట్టిగా పట్టుకో" అన్నాడు.

ఇంట్లో ఈ మాట చెబితే, "గుంపు ఎందుకు కడుతుందట?" అంది మా ఆవిడ.

"చేపల ఇష్టం" అన్నాను.

ఆమె కోత షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా చేపలు కోస్తోంది. ఎప్పుడూ పడవెక్కలేదు.

ఏప్రిల్ 11

రెండో సమావేశం. ఈసారి వేలం హాల్లో, అందరి ముందూ. నేను జూన్ 20 గురించి పావుగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు.

తర్వాత వెనక వరసలోంచి మా ఆవిడ లేచింది. షెడ్డు నుంచి అలాగే వచ్చేసినట్టుంది, నడుముకి రబ్బరు ఆప్రాను ఉంది.

"మేడమ్ గారూ, ఒక్క మాట. చేప కడుపులో ఇప్పటికే గుడ్లు కనబడుతున్నాయి. మే రెండో వారానికి పండిపోతాయి, నొక్కితే జారిపోతాయి. మా వాళ్లడిగే జూన్ 20 నాటికి గుడ్ల సంచులు ఖాళీ. మీ జూన్ ఒకటో తారీకు కూడా ఆలస్యమేనండీ."

"ప్రెసిడెంటు గారింట్లో ప్రెసిడెంటు ఎవరో!" అన్నాడు మైకు. అందరూ నవ్వారు. అప్పుడు నేనొక మాట అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె కూర్చుంది.

మొత్తం మీద సమావేశం బాగా జరిగింది.

ఏప్రిల్ 12

మా ఆవిడ మాట్లాడటం లేదు. నాకేం నష్టం?

ఏప్రిల్ 15

"అత్తయ్యా, మీ అబ్బాయిని స్నానానికి నీళ్లు తోడుకోమనండి."

ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం. అమ్మ నావైపు తిరిగి, "నీళ్లు తోడుకోవాలట" అంది.

"సరేనను" అన్నాను.

"సరేనట" అంది అమ్మ. వెంటనే చేతిలో ఉన్న చాట విసిరికొట్టింది. "ఒరేయ్, డెబ్బై ఆరేళ్లొచ్చాయి నాకు. ఈ వయసులో నన్ను టెలిఫోను చేశారు మొగుడూ పెళ్లాలు! హాల్లో ఏమన్నావురా దాన్ని?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే ఊరికే నోరు కట్టేసుకుంటుందా? నాతో చెప్పలేని మాటేదో అనే ఉంటావు."

ఏమీ అనలేదనే అన్నాను మళ్లీ. అమ్మ టెలిఫోను పని మానేసింది. ఇప్పుడు ఇంట్లో చాలా ప్రశాంతంగా ఉంది. ఇలాంటి ప్రశాంతత కావాలనే మనిషి కోరుకుంటాడు.

ఏప్రిల్ 17

మా ఇంటి సంగతి మైకు చెబితే నాకు తెలిసింది. ఆఫీసరమ్మ నిన్న కోత షెడ్డుకి వెళ్లారట. ఐసు పెట్టె మీద రెండు గంటలు కూర్చున్నారట. ఇక రోజూ వంద చారల చేపలు పక్కన పెట్టి, గుడ్లున్నవెన్ని, అవి ఎంతవరకూ పండాయి అన్నది రాయాలట. శాఖవాడొకడు, మా ఆవిడ, ఒకరిది ఒకరు చూడకుండా రాసి, సాయంత్రం సరిపోల్చుకోవాలట.

"నీ కుర్చీ కింద నీ పెళ్లామే గొయ్యి తవ్వుతోందిరా" అన్నాడు మైకు.

"ఆడవాళ్ల ముచ్చట, నాలుగు రోజులు ఆడుకోనీ" అన్నాను.

ఆఫీసరమ్మ నా దగ్గరికొచ్చి ఎప్పుడూ రెండు గంటలు కూర్చోలేదు. అయినా నాకేం?

ఏప్రిల్ 20

వల లాగాక, కత్తి చేతిలోనే ఉంది కదా అని ఒక చారల చేపని కోశాను. గుడ్లున్నాయి. ఒక్కదాన్ని చూసి ఏం చెబుతాం? ఇంకోటి కోశాను. అలా ఇరవై అయ్యాయి. పద్నాలుగింటిలో ఉన్నాయి.

పడవ నడుపుతున్న తమ్ముడు వెనక్కి తిరిగి, "ఏం చేస్తున్నావన్నయ్యా?" అన్నాడు.

"పిల్లికి."

"మనకి పిల్లి లేదుగా?"

"పక్కింటి పిల్లికి. నువ్వు ముందు చూసి నడుపు."

ముప్పై ఏళ్లుగా వేట చేస్తున్నాను. చేపని చేత్తో పట్టుకుంటే బరువు చెబుతాను. నీటి రంగు చూసి లోతు చెబుతాను. కడుపు కోసి చూడటం ఇదే మొదటిసారి. ఒడ్డుకి తెచ్చి పడేయడం వరకే మా పని. అక్కడి నుంచి వాళ్లది.

ఏప్రిల్ 22

ఇరవైలో పదిహేను.

ఏప్రిల్ 24

ఇరవైలో పదిహేడు. మొదట్లో గుడ్లు గసగసాల్లా గట్టిగా ఉండేవి. ఇప్పుడు కొన్ని ఉబ్బాయి. వెలుగులో పెడితే అవతలి వేలు కనబడుతోంది.

కోసినవన్నీ తమ్ముడే వేరే ట్రేలో సర్దాడు.

ఏప్రిల్ 26

ఐసు కావలసి కోత షెడ్డుకి వెళ్లాను. ఐసు మాకు రేవులోనే దొరుకుతుంది. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు.

పొడుగాటి రేకు బల్ల, రెండు వైపులా పదహారు మంది ఆడవాళ్లు. చేతులు కనబడనంత వేగంగా ఆడుతున్నాయి. మా ఆవిడ బల్ల చివర నిలబడి ఉంది. చేప తీసుకోవడం, కడుపు మీద ఒక్క గీత, బొటనవేలితో సంచి బయటికి. "పచ్చి. పచ్చి. పండింది. లేదు. పండింది." ఒక్కో చేపకి ఒక్కో మాట. ఆమె మాట వినబడని అవతలి మూల శాఖ కుర్రాడు భూతద్దం పెట్టుకుని ఒక చేప చూసేలోపు ఆమె ఆరు ముగించింది. సాయంత్రం లెక్కలు పోల్చారు. వందలో మూడు తేడా వచ్చాయి. ఆ మూడూ మళ్లీ తీసి చూస్తే తప్పు కుర్రాడిదే.

"ఆంటీ, మాకు కాలేజీలో ఇది రెండేళ్లు చెప్పారండీ" అన్నాడు వాడు.

"నాకు చెప్పినవాళ్లెవరూ లేరు నాయనా. కోసిన చేపలన్నీ కలిసి చెప్పాయి" అంది.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆమె చూసింది. చూసి మళ్లీ చేప తీసుకుంది. ఎడమ చేతి వేళ్ల మీద తెల్లటి గాట్లు ఉన్నాయి, వరసగా. పద్దెనిమిదేళ్లుగా ఆ చేతులు ఇంట్లో చూస్తున్నాను. ఈరోజు ఆ వెలుతురులో చూశాను.

ఆరోజు హాల్లో నేనన్న మాట ఇక్కడ రాయలేదు. రాస్తాను. "కత్తి పట్టుకుని తలలు తరిగేవాళ్లకి సముద్రం గురించి ఏం తెలుసు? అక్కడికొస్తే వాంతులు చేసుకుంటారు" అన్నాను.

అదీ నేనన్నది.

ఏప్రిల్ 29

వలలు కుట్టుకునే చోట మైకుతో చెప్పాను. "బావా, ఆవిడ చెప్పింది నిజం. నేను కోసి చూశాను. మనం జూన్ 20 అంటే గుడ్లు పెట్టే చేపనే పట్టుకుంటున్నాం. గుంపు కట్టేది అందుకే."

మైకు కుడుతున్న వల కింద పెట్టాడు. "నిన్ను కుర్చీలో కూర్చోబెట్టింది మా మాట చెప్పడానికిరా. పెళ్లాం మాట చెప్పడానికి కాదు."

"నిజం చెప్పడానికి."

"నిజం తింటావా? మే నెలలో గట్టున కూర్చోబెడితే నా పడవల్లో పనిచేసే ఇరవై మందీ ఏం చేయాలి? శాఖవాళ్లు ఇన్నాళ్లూ మన వలలు లాక్కున్నారు. కమిటీ వేసిన మొదటి నెలకే వాళ్ల పక్కకి దొర్లిపోతావా?"

ఆ మాట మాత్రం గుచ్చుకుంది. మైకు గొంతు పెద్దదే, కానీ అందులో మా అందరి భయమూ ఉంది. ఇంటికొచ్చాను. ఇంట్లో అడగడానికి మనిషి ఉంది, అడిగే నోరే నాకు లేదు.

ఏప్రిల్ 30

అడిగాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, గోడవైపు చూస్తూ అడిగాను. "గుడ్లు పెట్టడం ఎప్పటికి అయిపోతుంది?"

ఆమె కూడా గోడవైపే చూస్తూ చెప్పింది: "జూన్ పది, పన్నెండుకి. ఆ తర్వాత అన్నీ ఖాళీ సంచులే."

గోడకి చెప్పిందనే అనుకోవాలి. అయినా పందొమ్మిది రోజుల తర్వాత మొదటి మాట. లెక్కపెడుతున్నానని కాదు.

నలభై ఐదు రోజులు ఎందుకు మరి? మే 10 నుంచి ముప్పై ఐదు రోజులు చాలు కదా!

మే 3

ఇది పూర్తిగా రాయాలి.

వేలం హాలు నిండిపోయింది. కోత షెడ్డు ఆడవాళ్లంతా వచ్చి వెనక గోడ వెంట నిలబడ్డారు. ఆఫీసరమ్మ లెక్కలు చదివారు. మా ఆవిడ లెక్క, శాఖ లెక్క పక్కపక్కనే. "మా పాత తేదీ పక్క తీరం సర్వేలోంచి తీసుకున్నది. అది మీ మొగకి సరిపోదు. ఈ తప్పు మాది" అన్నారు. ఒక ఆఫీసరు నోట ఆ మాట వినడం నా జీవితంలో మొదటిసారి. హాల్లో అందరికీ మొదటిసారే. ఆవిడ సూచన: మే 10 నుంచి నలభై ఐదు రోజులు.

నేను లేచాను.

"మాట్లాడే ముందు ఒక పని ఉందండీ. పోయిన నెల పదకొండో తారీకున నేను అన్న ఒక మాట వెనక్కి తీసుకుంటున్నాను. మినిట్స్‌లో కొట్టేయండి."

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. "ఏ మాటండీ? ఇక్కడేమీ లేదే?"

"రాయలేదా?"

"అలాంటివి రాయమండీ. లేని మాట ఎలా కొట్టేయడం?"

"అయితే ముందు రాయండి, తర్వాత కొట్టేయండి."

కాబట్టి మొత్తం మాట, తలలు తరగడం, వాంతులు, అన్నీ, నిదానంగా, అతను రాసుకునే వేగానికి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను రాసి, దాని మీద గీత కొట్టి, "అయిందండీ" అన్నాడు. నేను వెనక గోడవైపు చూడలేదు. చూస్తే మిగతాది మాట్లాడలేను.

"ఇప్పుడు రెండో సంగతి. మే 10 సరైనదే. కానీ నలభై ఐదు రోజులు కాదు, ముప్పై ఐదు. జూన్ 13 తర్వాత కడుపులు ఖాళీ. ఖాళీ కడుపు చేప కోసం మా వాళ్ల కడుపులు ఎందుకు మాడ్చాలి?"

ఆఫీసరమ్మ కళ్లజోడు తీశారు. "రోజులు తగ్గించే అధికారం నాకు లేదండీ. నలభై ఐదు అనేది పైనుంచి వచ్చింది."

"మరి మమ్మల్ని బల్ల దగ్గర ఎందుకు కూర్చోబెట్టారు? ఆడవాళ్ల లెక్క తేదీ ముందుకు జరపడానికి పనికొచ్చింది. రోజులు తగ్గించడానికి పనికిరాదా? ఒకే లెక్క కదండీ. సగం నమ్మి సగం వదిలేస్తారా?"

"అదీ మాట!" అన్నాడు మైకు. కిటికీ అద్దాలు అదిరాయి.

ఆవిడ ఫోను తీసుకుని బయటికి వెళ్లారు. గోడ గడియారంలో ఇరవై రెండు నిమిషాలు. గాజు తలుపు అవతల నడుస్తూ, చేయి ఊపుతూ మాట్లాడుతున్నారు. ఒకసారి నుదురు కొట్టుకున్నారు. లోపలికొచ్చి కూర్చుని నీళ్లు తాగారు.

"ముప్పై ఐదు. ఒక షరతు. రెండు వైపులవాళ్లూ కలిసి మొగ దగ్గర కాపలా కాయాలి. ఒక్క పడవ వెళ్లినా వచ్చే ఏడు మళ్లీ నలభై ఐదే."

శాఖ వైపు ఆరుగురూ చేతులెత్తారు. మా వైపు ముగ్గురు ఎత్తారు. మైకు ఎత్తలేదు, పక్కవాడూ ఎత్తలేదు. నాలుగో చెయ్యి నాది. ముప్పై ఏళ్లు వల లాగిన చెయ్యి. అంత బరువుగా ఎప్పుడూ లేదు, అంత తేలిగ్గానూ ఎప్పుడూ లేదు. ఎత్తాను.

ఇంటికి నేను ముందు వచ్చాను, ఆమె తర్వాత వచ్చింది. ఆప్రాను విప్పి కొక్కేనికి తగిలించి, "భోజనానికి రండి" అంది.

"నాతోనేనా?" అన్నాను.

"మీతో కాక గోడతోనా?"

అమ్మ లోపలి గదిలోంచి, "హమ్మయ్య" అంది.

మే 10

మొగ మూసేశాం. నూట నలభై పడవలూ ఒడ్డునే. మొదటి కాపలా నాదీ, శాఖ గార్డుదీ. ఒకప్పుడు నా వల పట్టుకుపోయినవాడు ఈ గార్డే. నా ఫ్లాస్కులోంచి టీ తాగాడు.

మే 19

పొద్దున్నే మైకు పడవ వచ్చింది. వల బయటే ఉంది, దాచలేదు. పడవలో ఆయనొక్కడే.

"అడ్డు లేవరా."

"లేవను బావా."

"పట్టిస్తావా నన్ను?"

"పట్టించను. ఇక్కడే పడవ అడ్డం పెట్టి కూర్చుంటాను. వెళ్లాలంటే నన్ను గుద్దుకుని వెళ్లు."

గార్డు లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మైకు ఇంజిను ఆపలేదు, ముందుకీ రాలేదు. చివరికి ఆయనే పడవ నా పడవ పక్కకి తెచ్చి ఆనించాడు.

"నేను తిరిగి వెళ్తే ఊరంతా నవ్వుతుందిరా" అన్నాడు. మెల్లగా అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నది కాగలదని నాకు తెలియదు.

"ఎవరూ చూడలేదు బావా. కాపలాకి వచ్చావని చెబుతాను."

సాయంత్రం దాకా మాతోనే ఉన్నాడు.

మే 27

మైకు కాపలా అద్భుతం. అవతలి తీరం పడవలు మూడు వస్తుంటే, మైలు దూరంలో ఉండగానే అరిచాడు. మూడూ వెనక్కి తిరిగాయి. ఆ అరుపుకి ఒడ్డున కుక్కలు కూడా లేచిపోయాయి. "నీ సైరను కంటే నయం కదా?" అని గార్డుని అడిగాను. ఒప్పుకున్నాడు.

ఇవి కష్టమైన రోజులే. మైకు పనివాళ్లలో ఇద్దరు వేరే పని వెతుక్కుంటూ వెళ్లిపోయారు. రోజూ ఎవరో ఒకరు నా గుమ్మం ముందు నిలబడి, "ఇంకెన్నాళ్లు ప్రెసిడెంటూ?" అంటున్నారు. నేను ఒక్క రోజు కూడా తక్కువ చేసి చెప్పడం లేదు.

జూన్ 9

శాఖవాళ్లు పరీక్ష కోసం రోజుకి ఇరవై చేపలే పట్టి షెడ్డుకి పంపుతున్నారు. ఈరోజు ఇరవైలో పద్దెనిమిది ఖాళీ. మా ఆవిడ చెప్పిన రోజుకి ఒక్క రోజు ముందు. "ఒక్క రోజు తప్పావు" అన్నాను. "మీరు ఎన్ని రోజులు తప్పారో లెక్క చెప్పమంటారా?" అంది. నేను పని ఉండి బయటికి వెళ్లాను.

జూన్ 14

మొగ తెరిచాం. ముప్పై ఐదు రోజుల్లో శాఖ పరీక్షకి తప్ప ఒక్క వలా పడలేదు.

జూలై 6

కమిటీలో పడవలవాళ్ల ఆరు కుర్చీల్లో రెండు కోత షెడ్డుకి ఇవ్వాలని నేనే అడిగాను. "ఎవరి కుర్చీలు?" అన్నారు. ఎవరూ లేవలేదు. నేను లేచాను. రెండోది మైకు ఇస్తాడని ఎవరూ అనుకోలేదు. "నాకు మాట్లాడటానికి కుర్చీ ఎందుకురా?" అన్నాడు. నిజమే.

ఆగస్టు 2

మొగ లోపలి మడుగుల్లో సన్నకన్ను వలతో పిల్లచేపల్ని లెక్కపెట్టారు. పోయినేడు వల ఒకసారి వేస్తే పది, పదిహేను వచ్చేవి. ఈరోజు గంపలో వెండి పోసినట్టు మెరుస్తూ ఎగిరాయి. మూడు వందలు దాటాక లెక్క ఆపేసి మళ్లీ నీళ్లలో వదిలారు. ఆఫీసరమ్మ మోకాలి లోతు బురదలో నిలబడి, చీర తడిసిన సంగతే మర్చిపోయారు.

వేరే తీరం నుంచి ఇరవై మంది వచ్చారు, మేమిక్కడ ఎలా చేశామో నేర్చుకోవాలని. అందరినీ కోత షెడ్డుకి తీసుకెళ్లారు. నేను వెనకాల గుమ్మం దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ బల్ల దగ్గర నిలబడి చెబుతోంది. పచ్చిది ఎలా ఉంటుంది, పండింది ఎలా ఉంటుంది, వేలితో ఎక్కడ నొక్కాలి. వాళ్ల ఆఫీసర్లు పుస్తకాలు తీసి రాసుకుంటున్నారు. ఒకాయన అడ్డు ప్రశ్న వేశాడు. ఆమె తడుముకోకుండా చేప కోసి ఆయన చేతిలోనే పెట్టింది.

నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి మెడ చాచి చూసి, "ఎవరండీ ఆవిడ? ఎంత బాగా చెబుతున్నారు!" అన్నాడు.

"మా ఆవిడ" అన్నాను.

మెల్లగా అనలేదు. షెడ్డులో నలుగురు వెనక్కి తిరిగి చూశారు. ఆమె కూడా.

"అలాగా! మరి మీరేం చేస్తుంటారు?"

"నేను పడవ నడుపుతానండీ. ఆవిడ ఎప్పుడు వెళ్లమంటే అప్పుడు."